తొమ్మిది రోజుల మందు

మార్చి పదకొండు, బుధవారం

అమ్మడికి,

మీ అత్తయ్య మనసారా దీవించి రాసేది. ఇక్కడ మేమిద్దరం ఉన్నాం. క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మీ అమ్మగారినీ నాన్నగారినీ అడిగానని చెప్పు.

మీ ఆయన వంట తనే చేస్తున్నాడు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసి, అసలు వెయ్యనే లేదని నాతో వాదిస్తాడు. షాపులో స్కూలు యూనిఫారాల పని మొదలైంది. చొక్కాలన్నీ కత్తిరించి పెట్టాను, కాజాలు కుట్టే నాథుడు లేడు. నువ్వుంటే ఈపాటికి నా పక్కన కూర్చుని బొత్తాలు కుడుతూ నన్ను ఆటపట్టిస్తూ ఉండేదానివి.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. నాకు చదివి వినిపిస్తూ వినిపిస్తూ వాడు మధ్యలో లేచి బయటికి వెళ్లిపోయాడు. మిగతాది నేనే చదువుకున్నాను. వాణ్ణి వేరే పెళ్లి చేసుకోమన్నావు. నా ఒళ్లే నా పిల్లల్ని మింగేస్తోంది, మందు వేసినా ఆగలేదు, ఇంక నా వల్ల కాదన్నావు. ఆ ముక్క చదివాక మిషను ముందు కూర్చోలేకపోయాను.

మూడుసార్లు కడుపు పోయాక గానీ ఆ రక్తపరీక్ష ఎవరూ రాయలేదు. మూడు నెలలాగి మళ్లీ అదే పరీక్ష చేయించి, రోగాల మీదికి వెళ్లాల్సిన కాపలా నీ ఒంట్లో దారి తప్పిందని, అందుకే బిడ్డకు వెళ్లే రక్తం గడ్డకడుతోందని డాక్టరమ్మ చెప్పింది. నాలుగోసారి నెల తప్పాక రోజూ పొట్టమీద ఒక ఇంజెక్షన్, ఒక చిన్న మాత్ర. సూది చూడగానే నువ్వు మొహం తిప్పేసుకున్నావు. ముప్పై ఏళ్లుగా సూదితోనే బతుకుతున్నదాన్ని, నేను వేస్తానన్నాను. రోజూ సాయంత్రం ఆరింటికి నువ్వు గోడవైపు తిరిగి నువ్వు చదువు చెప్పే పిల్లల కబుర్లు చెప్పేదానివి. నేను వేసేదాన్ని. ఐదో నెల వచ్చింది. కదులుతోందని నా చెయ్యి లాక్కుని పొట్టమీద పెట్టుకున్నావు.

తర్వాత బిడ్డ గుండె ఆగిపోయిందన్నారు. మందు కూడా పనిచెయ్యలేదు, ఇంక ఆశ తక్కువేనంది డాక్టరమ్మ. నువ్వు పెట్టె సర్దుకున్నావు. నేను ఆపలేదు. ఆపే మొహం నాకు లేదు.

తప్పు నీది కాదు, నీ ఒంటిదీ కాదు. వేళకింత తిను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క. ఇది రాయకుండానే కవరు అంటించాను, మళ్లీ చింపాను. ఐదో నెలలో నీ పొట్టంతా కమిలిపోయింది. ఒకరోజు గుచ్చినచోట నెత్తురు ఎంతకీ ఆగలేదు. నీకు చెప్పకుండా దూదితో అదిమిపెట్టాను. రక్తాన్ని పలచన చేసే ఈ మందే బిడ్డను జార్చేస్తుందని భయపడ్డాను. ఎవర్నీ అడగలేదు, అంతా నాకే తెలుసనుకున్నాను. తొమ్మిది రోజులు మందు సింకులో పారబోసి, నీకు ఉత్త సూది గుచ్చాను. పదోరోజు కదలడం లేదన్నావు. మందు ఓడిపోలేదమ్మా, అది నీ ఒంట్లోకి వెళ్లనే లేదు. ఈ కాగితం డాక్టరమ్మకు చూపించు. మీ ఆయనకు పొద్దున్నే చెప్పేశాను. ఈసారి ఇంజెక్షన్ ఇంకెవరి చేతైనా వేయించుకో.