ఇసుక డబ్బాలో బ్యాటరీ

రషాద్, పెరట్లో ఇసుక డబ్బా ముట్టుకోకు. అందులో ఉన్నది నీ వేప్ సిగరెట్ బ్యాటరీ. నువ్వటు పోయావో లేదో కోత అయిపోయి కరెంటొచ్చింది. నీ పరుపు మీద చార్జర్‌లో అది ఉబ్బి పొగలు కక్కింది. నూనెలో కోయెసిస్టర్ బూరెలు తిప్పే పటకారుతో పట్టుకుని డబ్బాలో పడేశాను. దుప్పటితో పోయింది, మన అదృష్టం.

పాడైన కరెంటు కోతల దీపంలోంచి బ్యాటరీ పీకి వేప్‌లో పెడతావట్రా? సైజు సరిపోతే చాలా? ఆ చిన్న దీపానికి చాలే బ్యాటరీ నీ వేప్ లాగేంత కరెంటుకి ఆగదు. పైగా తొడుగు చిరిగింది. నువ్వు పీకిన రెండో బ్యాటరీ తొడుగూ చిరిగే ఉంది, వాడకు. టాక్సీ స్టాండ్ బల్లల మీద అమ్మేవి వద్దు, మంచి కొట్లో కొత్తవీ వాటికి తగ్గ చార్జరూ కొనుక్కో. జేబులో తాళాలతో, చిల్లరతో కలిపేయకు, ప్లాస్టిక్ డబ్బీలో పెట్టు. చార్జింగ్ గచ్చు మీదే, అదీ నువ్వు ఎదురుగా ఉంటేనే. కోతలో అన్నీ ప్లగ్గులకి గుచ్చి బయటికి పోయే అలవాటు మనింట్లో ఇవాళ్టితో సరి.

ఆసుపత్రిలో డ్యూటీకి వేళైంది. కోయెసిస్టర్లు మూత కింద ఉన్నాయి. తిను, నా కోపం నీ మీదే, నీ కడుపు మీద కాదు.

షనాజ్ అక్క

అన్నట్టు, ఆ మాడు వాసన తన వల్లేననుకుంటోంది నానమ్మ. "నూనె పొయ్యి మీద మరిచిపోయానే తల్లీ, నాకు మతి పోతోంది" అని ఏడ్చి తలుపేసుకుంది. నేను నిజం చెబితే, ఓదార్చడానికి అంటున్నానని నమ్మదు. కాలిన దుప్పటి చూపించి, మతి లేనిది ఎవరికో నీ నోటితో చెప్పు.