ఎడంవైపు బ్రాకెట్

3-7-1961, సోమవారం

మా పాలిటెక్నిక్ వర్క్‌షాపుకి కొత్త ఇన్‌స్ట్రక్టరు వచ్చాడు. పేరు ఇమాం హుస్సేన్. చిలకలూరిపేటలో ఏదో పత్తి జిన్నింగు మిల్లులో పద్నాలుగేళ్లు ఆయిల్ ఇంజన్లు బాగుచేశాడట. చదువు ఐదో క్లాసు. ఇంగ్లీషులో అంకెలు తప్ప అక్షరాలు రావు. ఆరు నెలలు టెంపరరీ. డిసెంబర్లో హైదరాబాదు నుంచి కమిటీ వచ్చి పని చూస్తుంది. నచ్చితే పర్మనెంటు, లేకపోతే మళ్లీ మిల్లుకే.

నేను బి.ఇ., ఫస్టు క్లాసు. పొదిలి నుంచి ఇంజనీరింగు చదివిన మొదటివాణ్ణి. ఎల్.ఎం.ఇ. డిప్లొమా కుర్రాళ్లకి హీట్ ఇంజన్స్, మెషీన్ డ్రాయింగ్ రెండూ నేనే చెబుతాను. నా నోట్సు పై ఊళ్ల కుర్రాళ్లు కూడా వచ్చి కాపీ చేసుకుంటారు. ఐదో క్లాసు మనిషి వస్తే నాకేంటి?

నిజంగానే, నాకేంటి?

14-7-1961

మా పాలిటెక్నిక్‌కి బిల్డింగు ఇంకా లేవలేదు. అద్దె గొడౌన్లో క్లాసులు. పక్క గొడౌను మిరపకాయలది. గాలి ఇటు తిరిగితే నేను చెప్పే ఒక్కో డెఫినిషన్‌కి నాలుగు తుమ్ములు. ఇవాళ గోడ అవతల వర్క్‌షాపులోంచి నవ్వులు వినపడ్డాయి. అక్కడా అదే గాలి కదా.

22-7-1961, శనివారం

దొంగలా చూశాను. ఒప్పుకుంటున్నాను. కిటికీ పక్కన నిలబడి పావుగంట చూశాను.

మూలన తుప్పుపట్టిన పాత ఆయిల్ ఇంజన్ని ఊడదీసి సామానంతా గోనెపట్టా మీద పరిచాడు. కుర్రాళ్ల కళ్లకి తువ్వాళ్లు కట్టించాడు. ముందు తన కళ్లకే కట్టుకుని చూపించాడట మొదటిరోజు. ఒక్కొక్కడి చేతిలో ఒక్కో ముక్క పెడతాడు. తడిమి చెప్పాలి, అదేంటో, ఎక్కడ అరిగిందో. చెడిపోయిన ముక్కయితే చివర ఇంకో ప్రశ్న ఉంటుంది. తప్పు ఎక్కడుంది, ఇనుములోనా, చేతిలోనా, చెప్పడంలోనా? మిల్లులో ఏది పాడైనా ఎవడు పాడుచేశాడని అడగరట, ఇలాగే అడుగుతారట.

అన్నిటికంటే నన్ను దెబ్బకొట్టింది రామాంజనేయులు. నా సబ్జెక్టులో రెండుసార్లు తప్పినవాడు, పత్తి రైతు కొడుకు, వెనక బెంచీ. కళ్లకి తువ్వాలు కట్టుకుని, విరిగిన పిస్టన్ రింగు వేళ్ల మధ్య తిప్పుతూ, అది ఎందుకు విరిగిందో, నూనె అందకపోతే ఎటువైపు ముందు గీసుకుపోతుందో తెలుగులో గడగడా చెప్పాడు. తప్పు చెప్పడంలోనే ఉందన్నాడు, నూనె ఎప్పుడు పొయ్యాలో ఇంజన్ డ్రైవరుకి ఎవరూ చెప్పి ఉండరన్నాడు. అదే ప్రశ్న మార్చిలో నేను పరీక్షలో ఇచ్చాను. తెల్లకాయితం ఇచ్చాడు.

ఆ చెప్పిందంతా నా నోట్సులో ఉంది. పేజీ నలభైమూడు. నేను ఇంగ్లీషులో చెప్పాను, అంతే తేడా.

కడుపు మండింది. ఇంకో మాట లేదు దానికి.

9-8-1961

ఇంట్లో కూడా.

పంపు స్టవ్వు నెలరోజులుగా బుస్సుమంటూ ఆరిపోతోంది. నేను రెండు ఆదివారాలు దానితో కుస్తీపట్టి, కొత్తది కొనాల్సిందేనని తేల్చేశాను. ఇవాళ ఏదో రిజిస్టరు మీద సంతకానికి ఇమాం హుస్సేన్ ఇంటికొచ్చాడు. గుమ్మంలో నిలబడే, లోపల్నించి వచ్చే చప్పుడు విని, వాషరు ఎండిపోయిందమ్మా అన్నాడట. తోలు వాషరుకి కాస్త నూనె రాసి బిగించాడట. నేనొచ్చేసరికి స్టవ్వు నీలంగా మండుతోంది.

వెంకటేశ్వరమ్మ అన్నం వడ్డిస్తూ మూడుసార్లు చెప్పింది. చూడకుండానే కనిపెట్టాడండీ, చప్పుడు బట్టే కనిపెట్టాడండీ. పెళ్లయి పదకొండేళ్లు. నా గోల్డ్ మెడల్ గురించి ఒక్కసారైనా ఇంత ముచ్చటగా ఎవరితోనూ చెప్పలేదు ఈ మనిషి.

చారు మాత్రం బాగుంది.

18-9-1961, సోమవారం

స్టాఫ్ మీటింగు. కుర్రాళ్లు అర్జీ పెట్టారు. హీట్ ఇంజన్స్ పాఠం కూడా వర్క్‌షాపులోనే, ఇంజన్ పక్కనే చెప్పించాలట. ముప్పైఎనిమిది సంతకాలు. క్లాసులో ఉన్నది ముప్పైఎనిమిది మందే.

ప్రిన్సిపాల్ గారికి భలే నచ్చింది. ఇంజనీరింగు చెప్పే పద్ధతి ఎలా మార్చాలో ప్రతి కాలేజీ ఒక రిపోర్టు రాసి కమిటీకి ఇవ్వాలట. మన రిపోర్టు దీనిమీదే అన్నారు. నేను వర్క్‌షాపు క్లాసుల్లో కూర్చుని ఇమాం హుస్సేన్ పద్ధతంతా నోట్ చేసుకుని, మంచి ఇంగ్లీషులో రాసి పెట్టాలట.

నేను. వాడి పాఠానికి నోట్సు. నవ్వి సరేనండీ అన్నాను.

నాకు వెనకాల నోట్సు పిచ్చయ్య అని పేరుంది. తెలీదనుకుంటారు.

8-10-1961, ఆదివారం, పొద్దున ఎనిమిదిన్నర

రాయకుండా ఉండలేను. ఇమాం హుస్సేన్ పొద్దున్నే వచ్చాడు, ఒక్కడే. కుర్చీ చూపించినా కూర్చోడే. కమిటీ వాళ్లు ఒక బ్లూప్రింటు ఇచ్చి దాని ప్రకారం పార్టు చేయమంటారట, అదే పరీక్షట. మిల్లులో డ్రాయింగు అనేది చూసి ఎరగడు. విరిగిన ముక్క చేతికిస్తే అలాంటిదే చేసిచ్చేవాడు. గీతలు చూస్తే బుర్ర తిరుగుతోంది సార్, మీరు నేర్పాలి అన్నాడు.

లోపల ఎంత సంతోషం వేసిందో! వాడికి రానిదొకటి ఉంది. అది నాకు వచ్చు. వాడే వచ్చి అడిగాడు.

రోజూ ఆరింటికి రమ్మన్నాను. మా ఆవిడ పెద్ద గ్లాసులో కాఫీ ఇచ్చింది. నాకిచ్చేది చిన్న గ్లాసు.

5-11-1961, ఆదివారం

నెలరోజులైంది. ఒక్కరోజు మానలేదు. గీతలు గీసే టీ-స్క్వేరు బద్దని చిన్నపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుంటాడు. ఇవాళ ఒక చెక్క దిమ్మకి ఎదురుగా ఒక బొమ్మ, పక్కనుంచి ఒక బొమ్మ గీయించాను. గీసి, పెన్సిలు పక్కన పెట్టి, చాలాసేపు చూసి అడిగాడు.

"ఈ పక్క బొమ్మ చూసేటప్పుడు నేను ఎక్కడ నిలబడి ఉన్నట్టు సార్?"

తొమ్మిదేళ్ల సర్వీసులో ఈ ప్రశ్న ఒక్క కుర్రాడు అడగలేదు. నేనూ నా ప్రొఫెసర్ని అడగలేదు. డ్రాయింగు అంటే మొత్తం ఈ ప్రశ్నే.

అడిగినవాడు వాడు కాకుండా ఇంకెవడైనా అయితే కౌగిలించుకుని ఉండేవాణ్ణి.

19-11-1961, ఆదివారం

ఇవాళ్టిది జాగ్రత్తగా రాస్తాను.

పక్క బొమ్మ గీయడానికి రెండు పద్ధతులున్నాయి. పాత బ్రిటిషు పద్ధతిలో, వస్తువుని కుడివైపు నుంచి చూస్తే కనపడేది ఎడంవైపు గీస్తారు. అది ఫస్ట్ యాంగిల్. అమెరికా పద్ధతిలో కుడిది కుడివైపే గీస్తారు. అది థర్డ్ యాంగిల్. మా కాలేజీ షీట్లన్నీ పాతవి. హైదరాబాదు నుంచి ఈమధ్య వచ్చేవన్నీ కొత్తవి. ఏ పద్ధతో తెలీకుండా పార్టు చేస్తే అద్దంలో బొమ్మలా కుడి ఎడమ తారుమారు అవుతుంది. ఎంత గొప్ప పనివాడైనా సరే.

ఇమాం హుస్సేన్‌కి నేను పాతదొక్కటే చెప్పాను. ఇవాళ రెండోది చెప్పాల్సిన రోజు. పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి కూడా పెట్టుకున్నాను. ఇంతలో అతను చెప్పాడు, కుర్రాళ్లు వచ్చే ఏడు డ్రాయింగు కూడా మేస్త్రి గారి దగ్గరే, అంటే తన దగ్గరే, నేర్చుకుంటామంటున్నారట. నవ్వుతూ చెప్పాడు, మనసులో ఏమీ లేకుండా. అదంతా మీ చలవే సార్ అన్నాడు.

పుస్తకం మూసేశాను. ఇంకేమైనా ఉందా సార్ అని అడిగాడు. అయిపోయింది, ఇంతే అన్నాను.

27-11-1961

రేపు చెబుతాను.

4-12-1961

కమిటీకి ఇంకా వారం ఉంది. చెప్పడానికి పది నిమిషాలు చాలు.

10-12-1961

ఆరింటికి వచ్చాడు. ఆఖరి రోజు కదా అని రెండు సీతాఫలాలు తెచ్చాడు. దిమ్మ బొమ్మ మళ్లీ గీసి చూపించాడు. తప్పులేదు. చెప్పలేదు నేను.

11-12-1961, సోమవారం, రాత్రి

కమిటీ వచ్చింది. ఇద్దరు, సూట్లు. ఇంజన్ పక్కన బిగించే ఇనప బ్రాకెట్ ఒకటి చేయమని దాని బ్లూప్రింటు ఇచ్చారు. టైము నాలుగు గంటలు. డౌటుంటే మీ లెక్చరర్ గారిని అడగవచ్చు అన్నారు, ఆ మాట కూడా అన్నారు.

షీటు మూల చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో థర్డ్ యాంగిల్ అని ఉంది. నాకు పది అడుగుల దూరం నుంచే కనపడింది. ఇమాం హుస్సేన్ వేలు సరిగ్గా అక్కడే ఆగింది. తలెత్తి నన్ను చూశాడు.

"ఇదేంటి సార్, ఇక్కడ రాసింది?"

"ఏం లేదు, డ్రాయింగు పేరు. నీకు వచ్చిందే, చెయ్యి."

అన్నాను. ఈ నోటితోనే. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఎంత పని చేశాడు! ఆకురాయి పట్టిన తీరు చూడాలి. కన్నాలు వేశాక అంచులు వేలితో నిమిరి, మళ్లీ కాస్త రాకి, మళ్లీ నిమిరి. పెద్ద మెంబరు గారు దాన్ని చేతిలోకి తీసుకుని రెండోవాడికి చూపించి తలాడించాడు. బిగించమన్నారు. బోల్టులు కూర్చోలేదు. కుడివైపు ఉండాల్సిన కన్నాలు ఎడంవైపు వచ్చాయి.

ముప్పైఎనిమిది మంది చుట్టూ నిలబడి ఉన్నారు. మెంబరు గారు బ్లూప్రింటు చూసి, ఫస్ట్ యాంగిల్‌కీ థర్డ్ యాంగిల్‌కీ తేడా నీకెవరూ నేర్పలేదా అని అడిగాడు. ఇమాం హుస్సేన్ నావైపు చూశాడు. ఎంతసేపో కాదు, ఊపిరి తీసుకున్నంతసేపు.

"సార్ చెప్పారండీ. నేనే మర్చిపోయాను."

అంతే అన్నాడు.

12-12-1961

నేను గెలిచాను. ప్రిన్సిపాల్ గారు పిలిచి చెప్పారు. మేస్త్రిని పర్మనెంటు చేయరు, నెలాఖరుకి వెళ్లిపోవాలి. కానీ వర్క్‌షాపులో పాఠం చెప్పే పద్ధతి కమిటీకి చాలా నచ్చింది. రిపోర్టు మీద నా పేరుంది కాబట్టి ఇకనుంచి ఆ క్లాసు నాదే. జిల్లాలో మిగతా పాలిటెక్నిక్‌లకీ, మల్టీపర్పస్ హైస్కూళ్లకీ వెళ్లి నేనే వివరించి రావాలట. ప్రిన్సిపాల్ గారు బాధగానే ఉన్నారు. ఆర్డరు ఇంకా సంతకం కాలేదు, సంక్రాంతి సెలవుల లోపు సెక్షన్ లెక్చరర్ ఏదైనా నోటు రాసిస్తే కమిటీకి పంపి చూస్తాను అన్నారు. సెక్షన్ లెక్చరర్ అంటే నేనే.

ఆలోచిస్తానండీ అన్నాను.

31-12-1961, ఆదివారం

సెట్‌స్క్వేర్లు తిరిగివ్వడానికి వచ్చాడు. గుడ్డలో చుట్టి తెచ్చాడు, కడిగి. నేను వాకిట్లోనే అడిగేశాను, ఎందుకలా అబద్ధం చెప్పావని. గొంతు పెంచే అడిగినట్టున్నాను, లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మీరు చెప్పలేదని అక్కడ అంటే, రేపు మీ క్లాసులో ఎవడు కూర్చుంటాడండీ? నేనెటూ పోతాను. వాళ్లకి చెప్పడానికి మీరొక్కరే కదా మిగిలేది."

కోపం లేదు గొంతులో. కోపం ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే నేనూ ఒక మాట అని ఉండేవాణ్ణి, సరిపోయేది. ఇందులోనూ వాడే పైచేయి. పాఠం వాడే బాగా చెబుతాడు, స్టవ్వు వాడే బాగుచేస్తాడు, ఆఖరికి అబద్ధం కూడా నాకంటే మంచిది ఆడాడు.

చిలకలూరిపేట బస్సెక్కి వెళ్లిపోయాడు. వెంకటేశ్వరమ్మ మొత్తం విన్నది.

3-1-1962

స్టవ్వు మళ్లీ ఆరిపోయింది. వాషరుకి నూనె రాస్తానన్నాను. అక్కర్లేదంది. కట్టెలపొయ్యి మీద వండుతోంది, పొగలో.

4-1-1962

నోటు రాశాను. ఇంగ్లీషులో, ఒక పేజీ. డ్రాయింగులో నేను దాచిందీ, ఆరోజు అడిగితే నేను చెప్పిందీ, అంతా. మడిచి జేబులో పెట్టుకున్నాను.

6-1-1962

ఇంకా జేబులోనే ఉంది. ప్రిన్సిపాల్ గారి గది ముందు రెండుసార్లు నడిచాను.

8-1-1962, సోమవారం

వర్క్‌షాపులో నా మొదటి క్లాసు. కళ్లకి తువ్వాళ్లు కట్టుకోమన్నాను. ముందు మీరు కట్టుకోవాలి సార్, మేస్త్రి గారు అలాగే చేశారు, అన్నాడు రామాంజనేయులు. కట్టుకున్నాను.

చేతిలో ఒకటి పెట్టాడు. వేలు తగలగానే తెలిసింది. అంచులు నున్నగా ఉన్నాయి. కన్నాలు ఎడంవైపు ఉన్నాయి.

"తప్పు ఎక్కడుంది సార్? ఇనుములోనా, చేతిలోనా, చెప్పడంలోనా?"

రోజూ అడిగే ప్రశ్నే. కావాలని అడిగాడో, అలవాటుగా అడిగాడో.

చెప్పడంలో అన్నాను. ఎవరు చెప్పడంలో సార్ అన్నాడు. తువ్వాలు విప్పకుండానే చెప్పాను.

విప్పాక జేబులోంచి కాయితం తీసి, ప్రిన్సిపాల్ గారికి ఇచ్చి రమ్మన్నాను వాణ్ణి. పరిగెత్తాడు. నాకోసం ఏ కుర్రాడూ ఎప్పుడూ అలా పరిగెత్తలేదు.