డానియల్ గుట్ట ఎట్లా ఎక్కుతున్నాడు

మహబూబ్‌నగర్

బాపుకు వందనాలు. నేను బాగున్నాను.

ఇంట్లో ఫోన్ ఎప్పుడూ తమ్ముడు డానియల్ చేతిలోనే ఉంటుంది కాబట్టి కార్డు రాస్తున్నాను. ఎత్తు తేలిగ్గా ఎక్కాలని నా పాత రేసు సైకిల్‌కు కొత్త చైను, వెనకకు పెద్ద పళ్ల చక్రం కొని, బిగించమని వాడికే అప్పజెప్పి వచ్చాను కదా. "దేవుని తోడు అక్కా, రెండూ మార్చిన" అని చెప్పి సైకిల్‌ను బస్సు మీద వేసి పంపాడు. నిన్న దవాఖాన దగ్గరి ఎత్తులో లేచి తొక్కితే చైను జారి పడబోయాను.

ఇక్కడి మెకానిక్ చూసి, "చైను కొత్తదే గనీ పండ్ల చక్రం పాతదే. పండ్లు అరిగినయ్, గందుకే జారుతాంది" అన్నాడు. ముందు అతన్నే అనుమానించాను. దట్టంగా పూసిన గ్రీజు కడిగించి చూస్తే, అది నా పాత చిన్న చక్రమే. మరి కొత్తది ఏమైంది? "డానియల్ ఇప్పుడు సైకిల్ దిగకుండనే గుట్ట ఎక్కుతాండు" అని పోయిన కార్డులో నువ్వే మురిసిపోతూ రాశావు. వాడు లేనప్పుడు వాడి సైకిల్ ఒకసారి చూడు.

అమ్మ మోకాళ్ల గోళీలు వేసుకుంటోందా? బోరు నీళ్లు తాగనివ్వకు. అమ్మకు, అవ్వకు నా వందనాలు. డానియల్‌కు మాత్రం ఆ సైకిల్ చూసిన తర్వాతే చెప్పు.

నీ బిడ్డ,
గ్లోరీ