తౌఫీక్ ట్రంకుపెట్టె

నాన్నా, నేను వేళకు తింటున్నాను, ఈ మాట ముందు అమ్మకు చదివి వినిపించు. ఫోన్ చేస్తే వార్డెన్ పక్కనే నిలబడి వింటాడు. అందుకే ఈ కార్డు వంటామె చేత పోస్టు చేయిస్తున్నాను.

ఇక్కడ వారం పరీక్షలో ర్యాంకు తగ్గినవాడు తన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, అందరూ చూస్తుండగా కింది సెక్షన్ గదులకు నడవాలి. సోమవారం నా గదిలో ఉండే తౌఫీక్ వంతు వచ్చింది. పాపం, జ్వరంతో రాశాడు. మెట్ల మీద తూలితే వార్డెన్, "ఏంట్రా ఐఐటీ, పెట్టె బరువా, ర్యాంకు బరువా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. "మనిషిని ఊరేగించే చదువు ఒక చదువేనా అండీ?" అని అరిచి ఆ పెట్టె నేనే మోశాను. నా పెట్టె కూడా తెచ్చి వాడి మంచం పక్కనే పెట్టాను.

ప్రిన్సిపాల్ ఆదివారం నిన్ను పిలిపిస్తాడట. నువ్వు క్షమాపణ చెబితే నన్ను మళ్లీ పై సెక్షన్‌లో వేస్తాడట. చెప్పొద్దు నాన్నా. నేను తప్పు చేయలేదు.

చేలోకి కాలవ నీళ్లు వచ్చాయా? అటక మీది నా విద్యార్థి సంఘం కరపత్రాలు అమ్మ పొయ్యిలో పెట్టకుండా చూడు.

తౌఫీక్ అన్నం ముట్టడం లేదు, మాట్లాడడం లేదు. ర్యాంకు పెరిగేదాకా వాడిని ఇంటికి ఫోన్ చేయనివ్వరు. నాకు భయంగా ఉంది, వాడి పక్కనుంచి కదలడం లేదు. ఆదివారం దాకా ఆగకు. ఇబ్రహీంపట్నంలో మసీదు పక్కన సైకిల్ షాపు వాళ్లది. వాళ్ల నాన్న పేరు ఇమామ్, ఆయన్ని వెంటబెట్టుకుని రా. వాడిని ఇంటికి పంపిస్తానంటే, ప్రిన్సిపాల్‌కి నువ్వు చేతులు జోడించినా నేనేమీ అనను.

అమ్మను దిగులుపడొద్దని చెప్పు.

నీ భార్గవ్