అవతలి అమ్మాయి మీద పందెం

పిరోత్,
అక్టోబరు 14, మంగళవారం

చిరంజీవి నెవెనాకు,

అమ్మ ల్యూబిన్కా మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను కులాసా. నువ్వూ కులాసాయేనని రాద్దామంటే చెయ్యి రావడం లేదు, పోయినవారం టీవీలో నీ టెన్నిస్ ఆట చూశాను కదా. ఈస్టర్ నుంచి నా ఫోను ఎత్తడం మానేశావు. అందుకే ఈ కవరు నువ్వు ఆడుతున్న బార్ ఊరికి వచ్చే రాత్రి బస్సులో డ్రైవరు మిలోయె చేతికిచ్చి పంపుతున్నాను. రేపు నువ్వు కోర్టులోకి దిగేలోపు అందుతుంది. దానితోపాటు రెండు బురెక్ రొట్టెలు కట్టిచ్చాను, ఒకటి వాడికి, ఒకటి నీకు. నీది నీదాకా వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

మన బురెక్ కొట్టు పక్కనున్న పందేల దుకాణంలో ఇవాళ నీ మ్యాచ్ గోలే. నీ చేతికి మొదటి రాకెట్ ఇచ్చిన రాడొమిర్ బాబాయి పొద్దున్నే పెరుగు గ్లాసు పట్టుకుని పంచాంగం విప్పాడు. "ఆ చెక్ పిల్ల హవ్రాంకోవాది ఎడమచేతి వాటం. మనమ్మాయి బ్యాక్‌హ్యాండ్‌కే కొట్టి కొట్టి చంపుద్ది. మనమ్మాయి సర్వీసు చూశార్రా? బంతి ఎగరేస్తోంది గానీ భుజం లేవట్లా" అన్నాడు. కౌంటర్లో కూర్చునే సాన్యా, "మరి ఎవరి మీద రాయమంటావు తాతా?" అని అడిగింది. ఇన్నేళ్ళూ నీ పేరు తప్ప ఇంకో పేరు చెప్పని మనిషి టోపీ తీసి తల గోక్కుని, "చెక్ పిల్ల మీదే రాయమ్మా" అన్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నానని అప్పుడు చూశాడు. "ఏమనుకోకు ల్యూబిన్కా, నాది పింఛను బతుకు" అని నసిగాడు. నీ నోట్లో మన్నుపడ అని తిట్టి, పెరుగుకి రెట్టింపు వసూలు చేశాను.

తిట్టానే గానీ లోపలికొచ్చి పొయ్యి దగ్గర ఏడ్చాను. ఆయన చెప్పింది అబద్ధమైతే ఏడుపు రాదు. నీ భుజం అయిపోయిందని నాకు నువ్వు చెప్పలేదు, ఊరు చెప్పింది.

ఈస్టర్ నాడు తాళాల కోసం నా కోటు జేబులో చెయ్యి పెట్టి ఆ పందెం చీటీలు బయటికి తీశావు. అన్నిటి మీదా నీ మ్యాచ్‌లే, అన్నిట్లోనూ అవతలి అమ్మాయి పేరే. "కన్నతల్లివై ఉండి నేనోడిపోతానని పందెం కాస్తావా? ఓడితే బూతులు రాసి పంపే తాగుబోతులు నయం, వాళ్ళు కనీసం నా మీద కాస్తారు" అన్నావు. పండక్కి రంగులేసిన గుడ్లు పళ్ళెంలో ఉండగానే సంచీ తగిలించుకుని వెళ్ళిపోయావు. అమ్మకి డబ్బు పిచ్చి పట్టిందనుకున్నావు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను.

రేపు ఆడొద్దని చెప్పే హక్కు నాకు మిగల్లేదు. ఆడితే మాత్రం, ఆ పిల్ల పొట్టిది, నెట్ దగ్గరికొస్తే బంతి తలమీంచి లేపు. నాకు కనిపిస్తున్న దారి అదొక్కటే. దాంతో మ్యాచ్ గెలుస్తావని మాత్రం అనుకోవడం లేదు.

నువ్వు నమ్మినా నమ్మకపోయినా నీ వైపే ఉండే,
అమ్మ

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. నువ్వు ఓడిన ప్రతిసారీ క్రీడాభిమానుల సంఘం పేరుతో నీ హోటలు ఖర్చులకి డబ్బొచ్చేది గుర్తుందా? మన ఊళ్ళో అలాంటి సంఘమేదీ లేదు. అవి ఆ చీటీల డబ్బులు. గెలిచిన రోజు నీకు బహుమతి సొమ్ము ఉంటుంది, ఓడిన రోజే చేతులు ఖాళీ. అందుకని ఓటమి మీద కాసేదాన్ని. నువ్వు గెలిచి నా డబ్బు మునిగిన రోజున కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ ఉత్తినే కాఫీ పోసేదాన్ని. ఆటగత్తె ఇంట్లోవాళ్ళు పందెం కాయకూడదట. తెలిస్తే నీ మీదికొస్తుందని నీక్కూడా చెప్పలేదు. ఇది చదివి చింపెయ్.

ఇవాళా వెళ్ళాను. సాన్యా తెర వంక చూసి, "వద్దు అత్తా. అందరూ ఆ చెక్ పిల్ల మీదే కాశారు. నూరు దినార్లు పెడితే నూటరెండు వస్తాయి, అంతే" అంది. నువ్వు ఓడిపోతావని లోకానికి ఎంత ఖాయంగా తెలిసిపోయిందంటే, నీ ఓటమికి కూడా ధర లేకుండా పోయింది తల్లీ. ఈసారి సంఘం డబ్బు రాదు. హోటలు గది రేపు సాయంత్రమే ఖాళీ చేసెయ్.