కర్టెన్ ఒక్కటే కదిలించు

పిట్టా,

నువ్వు పంపిన వీడియో చూశాను. తాతయ్య ఫొటో మీద నువ్వొక గీత గీస్తే, ఆ గీత వెంబడి కంప్యూటరే ఆయన్ను నడిపించిందట. మీ అమ్మ చెప్పింది. కిటికీ పక్క కుర్చీలోంచి లేచి, నవ్వుతూ నేరుగా నా వైపు వచ్చారు. నేను ఏడవలేదని మీ అమ్మకు బెంగ. ఏడవాలంటే ముందు ఆ వచ్చిందెవరో తెలియాలి కదా.

నేను పిలిస్తే మీ తాతయ్య ఏనాడైనా నేరుగా వచ్చారా? “వస్తున్నానే” అంటూ కిటికీ దాకా వెళ్లి, వీధిలో ఎవరు పోతున్నారో చూసి, ఫ్యాను ఆపి, అప్పుడు వచ్చేవారు. ఈలోపు పిలిచిన పని నేనే చేసుకునేదాన్ని. నీ కంప్యూటరుకు ఇంత బుద్ధిమంతుడైన మొగుడు ఎక్కడ దొరికాడో.

ఆదివారం ఆయన్ను తలచుకోవడానికి అందరూ వచ్చినప్పుడు అది వెయ్యకు. వాళ్లు బాగుందంటారు, నేనూ అనాల్సి వస్తుంది.

ఏది కదలాలో, ఏది కదలకూడదో నువ్వు చెప్పినట్టే అది వింటుందట కదా. అయితే ఆయన్ను కుర్చీలోనే ఉండనివ్వు. వెనకాల కర్టెన్ ఒక్కటే కదిలించు, కొద్దిగా. ఆయన లేవలేకపోయిన చివరి ఏడాదంతా ఆ గదిలో కదిలింది అదే. నేను పక్కన కూర్చుని దాన్నే చూసేదాన్ని.

అలా చేస్తే ఆయన్ను గుర్తుపడతాను.

మీ అమ్మమ్మ