ఆరో అంచె చుట్టరికం

అక్టోబర్ 3, శుక్రవారం. ఉదయం 7.20

ఆర్జియా తోటలో పద్నాలుగు వరసల ద్రాక్ష కోయకుండానే కూలీలు నిన్న సాయంత్రం ఐదు గంటలకు వెళ్లిపోయారు. ఆమెకు ఆ సంగతి ఈ ఉదయం ఆరున్నరకు తెలిసింది. ఆదివారం మధ్యాహ్నం నుంచి వాన.

ఆదివారం మా క్లబ్బు సైకిల్ రైడ్ దారి ఒకసారి చూసుకుందామని సైకిల్ మీద పోతూ అక్కడ ఆగాను. తెల్ల కంకర రోడ్డు. అందులో అన్నిటికంటే నిటారుగా ఉండే తొమ్మిది వందల మీటర్లు ఆమె తోట అంచు వెంబడే ఎక్కుతుంది. ఆర్జియా బోర్లించిన డబ్బా మీద కూర్చుని ఉంది. కుడి మోకాలికి పట్టీ. అరవై ఆరేళ్లు. భర్త పోయాడు, పిల్లలు లేరు.

ఏమైందని అడిగితే వరసల మొదట్లో గుంజలు చూపించింది. ఒక్కోదానికి ఒక్కో పసుపు రిబ్బన్. పసుపు కట్టిన వరస నాది, దాన్ని నేనే కోసి అటక మీద ఆరబెట్టి తీపి వైన్ చేసుకుంటాను, కోతకొచ్చే పెత్రు ముఠాకి పదేళ్లుగా తెలుసు, పసుపు కనబడితే కత్తెర పెట్టరు అంది. ఏటా మూడు వరసలకే కడుతుంది. ఈసారి పదిహేడింటికి ఉన్నాయి. నిన్నంతా ఆమె కింద గోదాంలో కాయ దించుకుంటూ ఉంది, తోట వైపు రాలేదు.

ఎవరు కట్టి ఉంటారన్నాను. ఇంకెవడు, ఆ సిరియో గాడే అంది. సైకిల్ క్లబ్బు వాళ్ల గుర్తులు నారింజ రంగు కదా అన్నాను. అందుకేనయ్యా, నారింజ కడితే దొరికిపోతాడని పసుపు కట్టాడు, వాడి బుర్ర నాకు తెలియదా అంది.

క్లబ్బు ప్రెసిడెంటు సిరియోకీ ఆమెకూ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. సైకిళ్లు లేపిన దుమ్ము కాయల మీద పడుతోందని ఆమె ఒకసారి రోడ్డుకు అడ్డంగా ట్రాక్టర్ పెట్టింది. అప్పట్నుంచి రైడ్ వేరే దారిన పోతోంది. ఈ వేసవిలో ఆ దారిలో కొండచరియ విరిగిపడింది కాబట్టి మళ్లీ ఇటు తిప్పాం.

ఇది పంటలో నాలుగో వంతు. పండిన కాయ, వాన తగిలితే రెండు రోజుల్లో బూజు.

రిబ్బన్లు కట్టింది నేను. బుధవారం సాయంత్రం ఐదు నుంచి ఐదూ నలభై మధ్య. ఆమెతో చెప్పలేదు.

అదే రోజు. 12.45

జరిగింది జరిగినట్టు రాస్తాను.

రైడ్ దారికి గుర్తులు కడుతుంటే నారింజ రిబ్బన్ చుట్ట చర్చి దగ్గరే అయిపోయింది. కొట్లో పసుపే ఉంది. కొన్నాను. ఆర్జియా తోట దగ్గర రోడ్డు రెండుగా చీలుతుంది. పాత రోజుల్లో అక్కడ ఒకసారి పదహారు మంది దారి తప్పి పక్క ఊళ్లో తేలారు. అందుకని ఒకటి కట్టాల్సిన చోట తోట అంచు గుంజలకు పద్నాలుగు కట్టాను. ఆమె సొంత మూడు రిబ్బన్లు పైవైపు, మలుపు అవతల ఉన్నాయి. నేను చూడలేదు.

పెత్రుకు ఫోన్ చేశాను. వచ్చే బుధవారం దాకా వేరే తోటలో ఒప్పుకున్నాడు, రాలేడు. ఆమె ఈసారి తీపి వైన్ ఎక్కువ చేస్తుందేమో అనుకున్నాం సార్, పెద్దావిడ, మోకాలు బాగాలేదు, ఇన్ని వరసలు ఎలా కోస్తుందా అని మావాళ్లు జాలిపడ్డారు కూడా అన్నాడు.

కట్టింది ఎవరని అతను అడగలేదు.

అదే రోజు. 18.10

మా పేపర్ పాత ఫైళ్లు తిరగేశాను. పద్నాలుగేళ్ల కిందట ఆర్జియా తీపి వైన్ మీద అర పేజీ. మూడో పేరా: "పసుపు రిబ్బన్ కట్టిన వరసలో ఆమె చెయ్యి తప్ప మరో చెయ్యి పడదు." కింద నా పేరు.

అక్టోబర్ 4, శనివారం. ఉదయం 9.15

ముందు సిరియోతో చెప్పాను. తన సైకిల్ షాపులో ఎవరిదో టైరు ఎక్కిస్తున్నాడు. మొదట పగలబడి నవ్వాడు. నిన్న సాయంత్రం బార్లో ఆర్జియా తన పేరు చెప్పి శాపనార్థాలు పెట్టిందని అప్పటికే విన్నాడట. నవ్వడం అయ్యాక, ఏమయ్యా పేపరాయనా, ముప్పై ఐదేళ్లు ఊరందరి తప్పులూ అచ్చేశావు, నీది మాత్రం జేబులో పెట్టుకు తిరుగుతున్నావా అన్నాడు.

ఇవాళే ఆమెతో చెబుతానన్నాను.

చెబితే కాయ కోసినట్టవుతుందా అన్నాడు. రేపు రెండు వందల పన్నెండు మంది అటే పోతున్నారు, తలా పది నిమిషాలు దిగి కోస్తే అయిపోతుంది అన్నాడు. కుదరదన్నాను. ప్రభుత్వ లెక్కలో పేరు ఎక్కించకుండా పొలంలో ఒక్క గుత్తి కోసినా అది దొంగ కూలీ కింద లెక్క. రెండేళ్ల కిందట స్నేహితులతో సరదాగా కోయించిన ఒకాయనకు జరిమానా పడింది. ఆ వార్త రాసింది నేనే. ఆ పేర్లు ఎక్కించాల్సిన ఆర్జియా అకౌంటెంట్ సోమవారం దాకా దొరకడు. ఊరికే చేయి వేయడానికి చట్టం చుట్టాలనే ఒప్పుకుంటుంది, అదీ ఆరో అంచె దాకా.

అయితే పోయి చుట్టాల్ని వెతుకు, ఈ కొండల్లో ఎవడు ఎవడికి చుట్టం కాడు గనక అన్నాడు.

అదే రోజు. 12.10

మునిసిపల్ ఆఫీసు శనివారం మధ్యాహ్నం పన్నెండు వరకే. రిజిస్టర్లు చూసే నోయెమీ నా కోసం ఐదు పాత పుస్తకాలు దించింది. పద్ధతి తేలిక. ఇద్దరికీ ఉమ్మడి పెద్ద దొరికే దాకా పైకి ఎక్కు, మళ్లీ కిందికి దిగు, ఎన్ని అడుగులైతే అన్ని అంచెలు.

తొమ్మిది పేర్లు తేలాయి. ఇద్దరికి ఎనభై దాటాయి. ఒకాయన మిలాన్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. మిగిలిన ఆరుగురూ రేపటి స్టార్ట్ లిస్టులో ఉన్నారు.

ఆరో పేరు సిరియోది. అతని నానమ్మా, ఆర్జియా తాతా అన్నాచెల్లెళ్లు. సరిగ్గా ఆరు అడుగులు. రెండుసార్లు లెక్కపెట్టమన్నాను. నోయెమీ వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టి, చుట్టాలు కాకపోతే అంత పంతం ఎందుకుంటుంది లెండి అంది. సిరియో కొడుకు అందరికంటే గట్టివాడు. ఏడో అంచె. పనికిరాడు.

అదే రోజు. 16.30

ఆర్జియా రెండు వరసలు కోసి మూడోదానిలో ఉంది. ఒక్కతే. నిన్నటి నుంచి.

రిబ్బన్లు కట్టింది నేను అన్నాను. కత్తెర ఆగలేదు. ఆ తీగకు ఉన్న గుత్తులన్నీ కోసి డబ్బాలో పెట్టి అప్పుడు నా వైపు చూసింది.

నువ్వు రాసింది మా ఆయన కత్తిరించి వంటింట్లో అంటించాడు, ఇప్పటికీ ఉంది, కాఫీ పెట్టుకున్నప్పుడల్లా కనిపిస్తుంది, రాసినవాడివి నీకే గుర్తు లేదా అంది.

లేదన్నాను.

నిన్నంతా సిరియోని తిట్టుకుంటూ కోశాను, ఆ తిట్లన్నీ దండగ చేశావు కదయ్యా అంది. తర్వాత గొంతు తగ్గించి, బార్లో అందరి ముందూ వాడి పేరు చెప్పాను, ఆ మాట నా నోటితో వెనక్కి తీసుకోలేను, నువ్వే పేపర్లో వేసి వాడి మీద నింద తీసెయ్యి అంది. మంగళవారం నాలుగో పేజీలో నా పేరుతో వేస్తానని మాటిచ్చాను.

చుట్టాల జాబితా ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేరూ చదివింది. చివరి పేరు దగ్గర, వీడు నాకేమవుతాడు అంది. చెప్పాను. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంది. మా తాత చెల్లెలు, పేరు బీచే, చలికాలం మాకు చెస్ట్‌నట్లు కాల్చి పెట్టేది, చేతులన్నీ మసి, ఆవిడ మనవడా ఈ వెధవ అంది.

రమ్మను, కానీ ఒక షరతు అంది. రేపు కోసిన డబ్బాలన్నీ రోడ్డు పక్కనే ఉంటాయి. నా తోట పొడుగునా సైకిళ్ల వాళ్లు దిగి నడవాలి. అందరూ. ఒక్కడు తొక్కినా సిరియో కత్తెర అక్కడే పెట్టి ఇంటికి పోవాలి.

అదే రోజు. 18.45

సిరియో ఒప్పుకోలేదు. ఎనిమిదేళ్ల కిందట ఆమె అడిగిందీ ఇదేనట. జర్మనీ నుంచీ హాలండ్ నుంచీ జనం వచ్చేదే ఆ తొమ్మిది వందల మీటర్లు ఎక్కడానికి, తోసుకుంటూ పోవడానికా అన్నాడు. అది ఎక్కినవాడు ఏడాదంతా చెప్పుకుంటాడయ్యా, ఎక్కలేనివాడు మళ్లీ ఏడాది వస్తాడు, నడిపిస్తే ఎవడొస్తాడు అన్నాడు.

స్టూలు మీద కూర్చున్నాను. అతను ఒక చక్రాన్ని తిప్పి, ఊచలు బిగించి, మళ్లీ తిప్పి చూశాడు. అది అప్పటికే సరిగా ఉంది.

ఎన్ని వరసలు మిగిలాయన్నాడు. పదకొండు అన్నాను. ఆమె ఒక్కతే కోస్తోందా అన్నాడు. మోకాలికి పట్టీ కట్టుకుని అన్నాను.

బీచే నానమ్మ ఆమెకు కూడా చెస్ట్‌నట్లు పెట్టిందా అన్నాడు.

ఆ తర్వాత ఐదుగురికీ వరసగా ఫోన్లు చేశాడు. రేపు రైడ్ లేదురా నీకు, కత్తెర తీసుకురా, ఎందుకేంటి, నువ్వు ఆర్జియాకి చుట్టానివట, నాకూ ఇవాళే తెలిసింది. ఒకడు నాలుగు నెలలుగా ప్రాక్టీసు చేస్తున్నానని ఏడ్చాడు. పద్దెనిమిదేళ్లుగా ఈ రైడ్ నడుపుతున్న నేనే మానుకుంటున్నాను, నోరు ముయ్యి అన్నాడు సిరియో.

ఫోన్ పెట్టేసి నాతో, స్టార్ట్ నువ్వే ఇవ్వు, దిగి నడవాలన్న మాట కూడా నువ్వే చెప్పు, నా నోట రాదు అన్నాడు.

ఆమెతో కలిపి ఏడుగురు, ఆరు గంటలు, పదకొండు వరసలు. లెక్క సరిపోతుంది. వాన చెప్పిన వేళకే రావాలి.

అక్టోబర్ 5, ఆదివారం. తెల్లవారుజాము 4.40

వాన పదకొండుకే అంటున్నారు.

5.30: కోత, సైకిల్ లైట్ల వెలుగులో. సిరియో షాపులో ఉన్నవన్నీ పట్టుకెళ్తున్నాడు.

7.30: చర్చి ముందు స్టార్ట్. రెండు వందల ఆరుగురు.

8.50: మొదటి సైకిల్ ఆర్జియా తోట మలుపుకు చేరుతుంది. నేను కారులో ముందే వెళ్లి, అందరినీ దింపి నడిపించడానికి రోడ్డు మధ్యలో నిలబడాలి.